తలుపు దగ్గర ఎవరినీ ఆపలేదు: టెక్సస్‌లో చూసిన రెండు ఆసియన్ గ్రాడ్యుయేషన్ వేడుకలు

మా అమ్మాయి 2023 మే నెలలోనూ, మా అబ్బాయి 2025 మే నెలలోనూ టెక్సస్‌లోని ఒకే ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ పట్టాలు అందుకున్నారు. రెండుసార్లూ మేము స్టేడియంలో అందరికీ కలిపి జరిగే స్నాతకోత్సవానికి వెళ్లాము. దానికి రెండు రోజుల ముందు, ఆసియా మూలాలున్న విద్యార్థుల కోసం జరిగే చిన్న వేడుకకు కూడా వెళ్లాము. ఇలాంటి వేడుకల మీద అమెరికాలో కొన్నేళ్లుగా తీవ్రమైన వాదన నడుస్తోంది. ఇది విద్యార్థులను జాతిని బట్టి విడదీయడమేనని కొందరు, ఇన్నాళ్లూ వెనక వరుసలో నిలబడినవారికి దక్కిన గౌరవమని మరికొందరు అంటున్నారు. వచ్చే మే నెలలో పిల్లల పట్టాలు చూడబోయే తెలుగు తల్లిదండ్రులు చాలామంది "వెళ్లమంటారా, వద్దంటారా?" అని నన్ను అడుగుతున్నారు కనుక, రెండింటినీ దగ్గరుండి చూసిన తల్లిగా నా అభిప్రాయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. చిన్న వేడుక అసలు స్నాతకోత్సవానికి బదులుగా జరిగేది కాదు. పట్టా ఇచ్చేది అక్కడ కాదు. నల్లగౌను, కుచ్చుల టోపీ వేసుకుని విశ్వవిద్యాలయ అధ్యక్షుడి ముందు నడిచేదీ అక్కడ కాదు. ఇష్టమున్నవారు పేరు నమోదు చేసుకుంటారు, లేనివారు మానేస్తారు. మా అమ్మాయి స్నేహితుల్లో సగంమంది మానేశారు, వారిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

2023లో స్టేడియంలో జరిగిన ఉత్సవం గురించి చెప్పకపోతే చిన్న వేడుక విలువ అర్థం కాదు. మా అత్తగారు ఆ ఉత్సవం కోసమే తెనాలి నుంచి వచ్చారు. మూడు గంటలకు పైగా మెట్ల వరుసల్లో కూర్చున్నాము. వేదిక మీద ఉన్నవారు వేలెడంత కనిపించారు. వేల పేర్లు చదవాలి కనుక ఒక్కొక్క పేరుకు రెండు, మూడు సెకన్లకు మించి సమయం లేదు. ఐదు అక్షరాల మా ఇంటిపేరును చదివినవారు మధ్యలో విరిచి, చివరి అక్షరాన్ని మింగేశారు. మావారు, నేను లేచి చప్పట్లు కొట్టి కూర్చున్న తరువాత, అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, మన పిల్లను పిలిచారా?" అని అడిగారు. అప్పటికి మరో నలుగురైదుగురు వేదిక దాటి వెళ్లిపోయారు. ఇందులో ఎవరి తప్పూ ఉందని నేను అనను, అంతమందిని ఒక్క పూటలో సాగనంపాలంటే మరో మార్గం ఉండదు. అయితే ఏడు సముద్రాలు దాటి వచ్చిన ఆ పెద్దావిడకు, తను ఎందుకోసం వచ్చిందో ఆ క్షణం చేతికి అందకుండా జారిపోయింది.

రెండు రోజుల ముందు జరిగిన చిన్న వేడుకలో ఆమెకు ఆ క్షణం దొరికి ఉండడమే మాకు ఊరట. ఆ ఏడాది దాన్ని విశ్వవిద్యాలయమే నిర్వహించింది. క్యాంపస్‌లోని ఆడిటోరియంలో, సాయంత్రం ఆరు గంటలకు, సుమారు రెండు వందలమంది విద్యార్థులతో జరిగింది. రుసుము లేదు. ప్రతి విద్యార్థికి ఒక కండువా ఉచితంగా ఇచ్చారు. ఇక్కడ దాన్ని స్టోల్ అంటారు. ఇంటి నుంచి తెచ్చుకున్నదైనా వేసుకోవచ్చని ముందే చెప్పారు కనుక, అత్తగారు మంగళగిరి నేతలో జరీ అంచు పెట్టించి తెచ్చిన కండువానే మా అమ్మాయి ఎంచుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు మరొకటి ఉంది. పేర్లు చదవబోయే విద్యార్థిని ముందురోజు ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, పేరు ఎలా పలకాలో అడిగి, సరిగా వచ్చేదాకా తిరిగి తిరిగి పలికింది. మరునాడు ఆ వియత్నామీ అమ్మాయి నోట మా ఇంటిపేరు, దీర్ఘాలతో సహా, మా ఊరివాళ్లు పలికినట్టే వినిపించింది.

ప్రతి విద్యార్థీ ముప్పై సెకన్లపాటు తనకు ఇష్టమైన భాషలో మాట్లాడవచ్చు, ఇంట్లో ఒకరి చేత కండువా వేయించుకోవచ్చు. అత్తగారు చేతికర్రతో మెట్లెక్కుతుంటే ఒక కుర్రవాడు వచ్చి చెయ్యి అందించాడు. మా అమ్మాయి మైకు దగ్గరికి వెళ్లి తెలుగులోనే, "మా నాయనమ్మను ఐదో తరగతితో చదువు మాన్పించారు. ఈ కండువా ఆమె చేతితో వేయించుకోవాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను" అని చెప్పింది. ఆ హాలులో ఆ మాటలు అర్థమైనవారు పదిమందో, పదిహేనుమందో ఉంటారు. అర్థం కానివారు కూడా అత్తగారి ముఖం చూసి లేచి నిలబడ్డారు. ఆ సాయంత్రం తమిళం, ఉర్దూ, మాండరిన్, కొరియన్, తగలోగ్ విన్నాము. ఏ ఒక్కదానికీ ఇంగ్లీషు అనువాదం చదవలేదు, కావాలని ఎవరూ అడగలేదు.

మావారు ఆ రోజు వచ్చారు కానీ, మనస్ఫూర్తిగా రాలేదు. ఆయన అభ్యంతరాన్ని ఇక్కడ యథాతథంగా రాయడం న్యాయం, ఎందుకంటే ఇలాంటి వేడుకలను వ్యతిరేకించేవారు చెప్పే మాటల్లో నేను విన్నంతవరకు అదే బలమైనది. కార్తీక మాసం వచ్చిందంటే మన ఊళ్లలో కులానికొక తోటలో వనభోజనాలు జరగడం మనందరికీ తెలుసు. ఒకప్పుడు ఊరంతా ఉసిరిచెట్టు నీడన కూర్చుని తిన్న భోజనం ఇప్పుడు ఎవరి బ్యానరు వారిదిగా, ఎవరి నాయకుడు వారివాడుగా మారిపోయింది. మావారు ఇండియాలో ఉన్నప్పుడూ, ఇక్కడికి వచ్చాకా అలాంటి భోజనాలకు వెళ్లలేదు. "ఒకే క్లాసులో కూర్చుని, ఒకే ల్యాబులో పనిచేసి, ఒకే పరీక్ష రాసిన పిల్లలను ఆఖరి రోజున పుట్టుకను బట్టి వేర్వేరు పందిళ్ల కింద ఎందుకు కూర్చోబెట్టాలి? వనభోజనాలకు వెళ్లని మనం దీనికి ఎలా వెళతాం?" అని ఆయన అడిగారు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. అందుకే ఆ సాయంత్రం వేదికను చూసినంత శ్రద్ధగా తలుపును కూడా చూశాను.

నమోదు పత్రంలో జాతి ఏమిటన్న ప్రశ్న లేదు. ఏ విద్యార్థి అయినా పాల్గొనవచ్చని మొదటి వాక్యంలోనే రాసి ఉంది. అది రాతకే పరిమితమేమో అనుకున్నాను, కాదని కళ్లారా చూశాను. మా అమ్మాయితో ల్యాబులో పనిచేసిన ఒక తెల్లజాతి అమ్మాయి నాలుగేళ్లు కొరియన్ భాష చదివింది. ఆమె కూడా కండువా వేసుకుని వేదికెక్కి, కొరియన్‌లో తన గురువుకు కృతజ్ఞత చెప్పింది. మరో అబ్బాయి తండ్రిది నెల్లూరు, తల్లిది తరతరాలుగా టెక్సస్‌లో స్థిరపడిన జర్మన్ కుటుంబం; ఇద్దరూ చెరొక పక్కన నిలబడి కండువా వేశారు. మా అమ్మాయితో మూడేళ్లు ఒకే గదిలో ఉన్న నల్లజాతి స్నేహితురాలు మరునాడు జరిగే తమ వేడుకకు మా అందరినీ పిలిచింది. మేము వెళ్లి మూడో వరుసలో కూర్చున్నాము. ఘానాలోని అశాంటీ తెగ నేతగాళ్ల కెంటె వస్త్రంతో చేసిన కండువాలను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. వాళ్ల అమ్మమ్మ మా అత్తగారి పక్కన కూర్చుని, భాష తెలియకపోయినా, ఆమె తెచ్చిన మంగళగిరి అంచును వేళ్లతో తడిమి చూసింది. కులం పేరిట జరిగే వనభోజనానికి ఇతర కులాలవారిని రావద్దని ఏ బోర్డు మీదా రాయరు, కానీ పిలుపు వారి గడప తొక్కదు. ఇక్కడ పిలుపు మా గడప దాకా వచ్చింది. నాకు తేడా కనిపించింది అక్కడే.

జాతి ఆధారంగా వేరుచేయడమనే మాటను తేలికగా వాడకూడదని నా నమ్మకం, ముఖ్యంగా ఈ దక్షిణ రాష్ట్రాల్లో. హీమన్ స్వెట్ అనే తపాలా ఉద్యోగి 1946లో ఇదే టెక్సస్‌లో, ఆస్టిన్‌లోని న్యాయ కళాశాలకు దరఖాస్తు చేసుకుంటే, నల్లజాతివాడన్న ఒక్క కారణంతో నిరాకరించారు. కోర్టుకు వెళితే, అతన్ని చేర్చుకోవడానికి బదులు నల్లవారికోసం వేరే న్యాయ కళాశాలే తెరిచారు. పక్కనే ఉన్న ఓక్లహోమాలో జార్జి మెక్‌లారిన్ అనే నల్లజాతి వ్యక్తిని విశ్వవిద్యాలయంలో చేర్చుకున్నారు గానీ, తరగతి పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి అక్కడి నుంచే పాఠం వినమన్నారు. గ్రంథాలయంలో ఆయనకు వేరే బల్ల, భోజనశాలలో వేరే బల్ల. ఈ రెండు కేసుల్లోనూ సుప్రీంకోర్టు 1950 జూన్ 5న ఒకే రోజు తీర్పు చెప్పి, ఇద్దరి పక్షానా నిలిచింది. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎలా ఉండేదో తెలిసిన మనకు మెక్‌లారిన్ బల్ల ఎలాంటిదో ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. ఆ బల్ల దగ్గర కూర్చోవాలని ఆయన కోరుకోలేదు. అక్కడి నుంచి లేచి పక్క బల్లకు వెళ్లే వీలూ ఆయనకు లేదు. మా అమ్మాయి గురువారం ఒక హాలులో కండువా వేయించుకుని, శనివారం స్టేడియంలో అందరితోపాటు నడిచింది. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే మెక్‌లారిన్ పడిన అవమానాన్ని చిన్నది చేసినట్టవుతుంది.

వాదన మాత్రం అంత సులువుగా తేలలేదు. హార్వర్డ్‌లో 2017 మే నెలలో నల్లజాతి విద్యార్థులు తమ వేడుకను తొలిసారి జరుపుకున్నప్పుడు సుమారు 170 మంది పట్టభద్రులు పాల్గొన్నారు. ఖర్చుకోసం విద్యార్థులే 27,000 డాలర్లు పోగుచేసుకున్నారు. 2019లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ స్కాలర్స్ అనే సంస్థ 173 కళాశాలలను పరిశీలించి, 125 చోట్ల ఇలాంటి వేడుకలున్నాయని, ఇది కొత్త రూపంలో వస్తున్న వేర్పాటేనని విమర్శించింది. ఆ సంఖ్య చదివినప్పుడు, ఆ 125 చోట్ల తలుపు ఎలా ఉంది, లోపలికి రాగోరినవారిని ఎవరైనా ఆపారా అన్నదే నాకు ముందుగా తోచిన ప్రశ్న. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం మీద ఇదే ఆరోపణ వచ్చినప్పుడు, ఇవి ప్రధాన స్నాతకోత్సవానికి అదనంగా జరిగేవే తప్ప దానికి బదులు కావని, ఐచ్ఛికమని, అందరికీ ప్రవేశముందని ఆ విశ్వవిద్యాలయం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

2025 ఫిబ్రవరి 14న అమెరికా విద్యాశాఖ దేశంలోని విద్యాసంస్థలకు రాసిన లేఖలో, జాతి ఆధారంగా జరిగే గ్రాడ్యుయేషన్ వేడుకలను కూడా తప్పుపట్టి, పద్నాలుగు రోజుల గడువిచ్చి, పాటించనివారి నిధులు ప్రమాదంలో పడతాయని హెచ్చరించింది. ఏప్రిల్‌లో హార్వర్డ్ ఈ వేడుకలకు డబ్బు, స్థలం ఇవ్వబోనని ప్రకటించింది. ఆగస్టు 14న మేరీల్యాండ్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి స్టెఫనీ గాలగర్ ఆ లేఖను కొట్టివేశారు; ఆ విధానం మంచిదా చెడ్డదా అన్న విచారణలోకి తాను వెళ్లడం లేదని, దాన్ని తెచ్చిన పద్ధతి చట్టప్రకారం లేదని చెప్పారు. టెక్సస్‌కు అంతదాకా ఆగే పని లేకపోయింది. 2023 జూన్‌లో, అంటే మా అమ్మాయి వేడుక ముగిసిన నెల రోజులకే, గవర్నరు సంతకం చేసిన ఎస్‌బీ 17 చట్టం 2024 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో వైవిధ్యం, సమానత్వం పేరుతో నడిచే కార్యాలయాలను మూయించింది. విద్యార్థి సంఘాలు తమంతట తాము జరుపుకునే కార్యక్రమాలకు చట్టంలో మినహాయింపు ఉంది. అయితే ఆడిటోరియం ఏర్పాటు చేసి, పేర్లు నమోదు చేసి, కండువాలు తెప్పించిన ఉద్యోగులు ఇక లేరు.

అందువల్ల మా అబ్బాయి 2025 వేడుక పూర్వ విద్యార్థులు, విద్యార్థి సంఘాలు కలిసి, క్యాంపస్‌కు అరగంట దూరంలో ఉన్న ఒక హోటల్ హాలులో జరిపారు. ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు మేల్కొని దాన్ని నిలబెట్టిన ఆ పాతికేళ్ల పిల్లల మీద నాకు గౌరవం ఉంది. అయినా సమీక్ష అన్నాక లోపాలు చెప్పాలి. విద్యార్థికి, ఇద్దరు అతిథులకు కలిపి అరవై డాలర్లు తీసుకున్నారు; అదనపు అతిథికి ఇరవై, హోటల్ దగ్గర కారు నిలపడానికి పదిహేను. ఆరున్నరకు మొదలు కావలసినది ఎనిమిదికి మొదలైంది. భోజనం సగంమందికే సరిపోయింది. ముందురోజు ఫోన్ చేసి పేరు పలికించుకునే పద్ధతి ఈసారి లేదు. మా ఇంటిపేరు స్టేడియంలో విరిగినట్టే ఇక్కడా విరిగింది. అన్నిటికన్నా బాధ కలిగించినది, ఇంటర్నెట్ ద్వారా ప్రత్యక్ష ప్రసారం లేకపోవడం. మా అత్తగారు ఇక ప్రయాణం చేయలేరు. తెల్లవారుజామున లేచి, తెనాలిలో ఫోను ముందు కూర్చున్న ఆమెకు మేము తీసిన వణికే వీడియో తప్ప మరేమీ చూపించలేకపోయాము.

అందరికీ స్వాగతమని ఈసారి కూడా ఆహ్వానపత్రంలో రాశారు, ఎవరినీ ఆపలేదు కూడా. కానీ అరవై డాలర్లు కూడా ఒక తలుపే. మా అబ్బాయి స్నేహితుల్లో ఇద్దరు, తండ్రులు గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసేవారు, ఇంట్లో చెప్పకుండానే మానుకున్నారు. వారి కుటుంబాల్లో వారే తొలి పట్టభద్రులు. ఈ వేడుక ఎవరికోసం పుట్టిందో వారే బయట ఉండిపోయారు. ఇంకొక సంగతి కూడా నన్ను కలవరపెట్టింది. విశ్వవిద్యాలయం నిర్వహించినప్పుడు తలుపు తెరిచి ఉంచడం వారి బాధ్యత, జాతి వివక్షను నిషేధించే 1964 నాటి పౌరహక్కుల చట్టం వారిని ప్రశ్నించగలదు. ఇప్పుడు అది నిర్వాహకుల మంచితనం మీద మాత్రమే ఆధారపడి ఉంది. ఆ రాత్రే మన తెలుగు కుటుంబాలు కొన్ని ముందుగా వచ్చి నాలుగు బల్లలను తమ బృందానికి కేటాయించుకుని, ఖాళీ కుర్చీలున్నా ఒక నేపాలీ కుటుంబాన్ని కూర్చోనివ్వలేదు. మావారు ఆ కుటుంబాన్ని మా బల్ల దగ్గరికి పిలిచి, నా వైపు చూశారు. ఆయన వనభోజనాల మాట ఆ క్షణంలో నిజమైంది. విడదీయడాన్ని అరికట్టడానికంటూ తెచ్చిన చట్టం ఆ వేడుకను ఆపలేదు, దాన్ని మరింత విడిగా, మరింత ఇరుకుగా చేసింది. చట్టం చేసినవారు ఈ ఫలితాన్ని కోరుకున్నారని నేను అనుకోను, అందుకే వారు ఒకసారి వచ్చి చూడాలని నా కోరిక.

"ఆసియన్" అన్న పేరు గురించి కూడా ఒక మాట. రెండు సంవత్సరాల్లోనూ ప్రసంగాలు, పాటలు, అలంకరణ ఎక్కువగా తూర్పు ఆసియా దేశాలవే. దక్షిణాసియావాళ్లం చివరి వరుసలో కలిసినట్టు అనిపించింది. అయితే 2023లో ప్రసంగించిన ఒక పూర్వ విద్యార్థిని ఈ పేరుకు వేరే అర్థం చెప్పింది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు భారతీయుడైనందున పౌరసత్వ అర్హత లేదని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందని, 1946లో చట్టం మారేదాకా భారతీయుల్లో దాదాపు ఎవరికీ ఆ దారి తెరుచుకోలేదని గుర్తుచేసింది. భీమవరంలో పుట్టి, 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి కూడా, ఆయన పరిశోధనలు ఎంత గొప్పవైనా, ఆ పదహారేళ్లూ ఇదే నియమం వర్తించిందని విన్నప్పుడు, మావారు మొదటిసారి వంగి శ్రద్ధగా వినడం గమనించాను. చైనీయులను, భారతీయులను ఒకే గాటన కట్టి బయట నిలబెట్టిన దేశంలో, వారి మనవలు ఒకే వేదిక ఎక్కడంలో ఒక సబబు ఉంది. నిర్వాహకులు ఆ చరిత్రను ప్రతి ఏడాదీ చెప్పాలి, దక్షిణాసియా పిల్లలకు కార్యక్రమ నిర్ణయాల్లో చోటివ్వాలి.

ఐదు మార్కులకు 2023 వేడుకకు నాలుగున్నర, 2025 వేడుకకు మూడు ఇస్తాను. వెళ్లదలచినవారు ఫిబ్రవరిలోనే నమోదు వివరాలు కనుక్కోండి, ఏప్రిల్ నాటికి సాధారణంగా గడువు ముగుస్తుంది. పేరు ఎలా పలకాలో మీ పిల్లల గొంతుతోనే రికార్డు చేసి నిర్వాహకులకు పంపండి. ఇంట్లో నేయించిన కండువా ఉంటే తీసుకువెళ్లండి. రుసుము కట్టగలిగినవారు మరొక విద్యార్థి రుసుము కూడా కట్టవచ్చేమో అడగండి. మేము అడిగితే, అలాంటి ఏర్పాటు లేదన్నారు కానీ, డబ్బు తీసుకుని మరునాడే మొదలుపెట్టారు. పిల్లలు ఇది చాలని స్టేడియంలో జరిగే ఉత్సవం మానేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, నాలుగేళ్లు కలిసి చదివినవారందరితో నడిచేది అక్కడే.

మావారు ఇప్పటికీ ఈ వేడుకకు జాతి పేరు ఉండకూడదనే అంటారు. కుటుంబాల వేడుక అని పిలిస్తే చాలదా అని ఆయన ప్రశ్న. నేను ఆ పేరు ఉండాలంటాను. వచ్చే మే నెలలో మా ఆడపడుచు కూతురు అదే విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకోబోతోంది. ఈసారి హోటల్‌కు వెళ్లి కెమెరా పెట్టి, తెనాలికి ప్రత్యక్ష ప్రసారం చేసే పని మావారే తన మీద వేసుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర ఏ కెమెరా కొనాలో పిల్లలను అడుగుతున్నారు.